తూర్పు వాలు, రెండోసారి

నవంబరు 5, బుధవారం

డ్రిల్లు మేష్టారు కనపడటం లేదు. మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు కదా అని కూతురు కుట్టుమిషను ముందు కూర్చుందట. లేచి చూసేసరికి మంచం ఖాళీ, గేటు బార్లా తీసి ఉంది. మతిమరుపు జబ్బు మొదలైనప్పటి నుంచీ ఆయన్ని ఒంటరిగా వదలడం లేదు. కొండవైపు చకచకా నడిచి వెళ్తుంటే పాలబండి అతను చూశాడు. వ్యాయామానికి పోతున్నారేమో అనుకున్నాడట.

ఫైరింజన్ బాబాయ్ ఫోన్ చేశారు. అగ్నిమాపక దళంలో రిటైరయ్యాక తప్పిపోయినవాళ్ళని వెతికే బృందాన్ని ఆయనే నడుపుతున్నారు. ఊరంతా ఆయన్ని పిలిచేది ఆ పేరుతోనే. "అమ్మా, నీ గడుల పటం కావాలి. పొద్దున్నే ఎక్కుతాం" అన్నారు. పోయినేడు వాళ్ళ శిక్షణలో నేను ఆ పటం గురించి ఊదరగొట్టిన ఉపన్యాసం ఆయనకి గుర్తుంది. ఇన్నాళ్ళూ దాన్ని ఉత్తుత్తి వెతుకులాటలకే వాడాం, చెట్టు వెనక దాక్కున్న బృందం సభ్యుణ్ణి పట్టుకోవడానికి. అసలు మనిషి కోసం వాడటం ఇదే మొదలు.

ఆఫీసులోనే కూర్చుని కొండ మొత్తాన్ని గడులుగా కోశాను. ప్రతి గడిలో ఒక అంకె, మేష్టారు అక్కడ ఉండే అవకాశం ఎంత అని. మతిమరుపు మనుషులు ఎటు నడుస్తారు, ఎక్కడ చిక్కుకుని ఆగిపోతారు, వాలు ఎంత, వాగు ఎక్కడ, కాలిబాట ఎటు, అన్నీ నేను లెక్కలకి వాడే కంప్యూటరు భాష ఆర్‌లో పోసి లెక్క కట్టాను. తూర్పు వాలు ఎర్రగా వచ్చింది, అంటే అక్కడే అవకాశం ఎక్కువ. దాని తర్వాత రాతిలోయ, కొంచెం తక్కువ ఎరుపు.

చిన్నప్పుడు బడిలో నా మోకాళ్ళు సరిగ్గా లేవడం లేదని రోజూ అరిచేవారు మేష్టారు. ఆయన ఎక్కడున్నారో అనుకుంటే భయంగా ఉంది. నా పటం ఇన్నాళ్ళకి పనికొస్తోందని ఎక్కడో సంతోషంగానూ ఉంది. ఇది ఎవరికీ చెప్పుకునే సంతోషం కాదు.

నవంబరు 6, గురువారం

తూర్పు వాలంతా గాలించారు. లేరు. సాయంత్రానికి వాన మొదలైంది.

రేపు పొద్దున పని: వెతికేసిన గడుల్లో అంకెలు తగ్గించాలి, దాంతో మిగతావి పెరుగుతాయి, మారిన పటాన్ని మళ్ళీ అదే ఫైల్లోకి రాయాలి. బృందం ఫోన్లన్నీ ఆ ఒక్క పేరున్న ఫైలునే తెచ్చుకుంటాయి. పేరు మారిస్తే కొండమీద అయోమయం.

పొద్దున పత్రిక నుంచి ఒకమ్మాయి వస్తుందట, ఫొటోకి. నీలం కోటు ఇస్త్రీ చేసుకున్నాను.

నవంబరు 7, శుక్రవారం

ఇవాళ కూడా తూర్పు వాలుకే వెళ్ళారు.

రేపటి ఫైలు సరిగ్గా ఉంది. తెరిచి చూశాను. మూసి, మళ్ళీ తెరిచి చూశాను. రేపు రాతిలోయ.

వాన తగ్గలేదు.

నవంబరు 8, శనివారం

దొరికారు. రాతిలోయలో. ప్రాణంతో ఉన్నారు. కుడికాలు రెండు బండల మధ్య ఇరుక్కుపోయిందట.

ఫైరింజన్ బాబాయ్ కొండమీంచే ఫోన్ చేశారు. ఆ మనిషి ఏడుస్తుంటే వినడం ఇదే మొదటిసారి. "నీ ఎర్ర గడిలోనే అమ్మా. కచ్చితంగా నీ గడిలోనే" అంటూ అదే మాట పదే పదే అన్నారు. ఆఫీసులో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. పెద్ద సారు ఎవరికో ఫోన్లో నా పేరు చెబుతున్నారు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉంటే బాగుండదు కదా.

నవంబరు 9

ప్రాణంతో ఉన్నారు. అదే ముఖ్యం.

నవంబరు 11, మంగళవారం

మేష్టారి కాలు తీసేశారు. మోకాలి కింద నుంచి.

అక్క పనిచేసేది ఎముకల వార్డులోనే. నర్సుగా ఇన్నేళ్ళు చేసినా ఇంటికి వచ్చాక ఆరోజు చూసిందంతా నాకు చెప్పందే ఆమెకి తిన్నది అరగదు. ఇవాళ వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుంది. రక్తం ఆడక పాదం నల్లబడిపోయిందట. ఇంకొక్క రోజు ముందు తెచ్చుంటే ఏ వేళ్ళతోనో పోయేదని సర్జను అన్నాడట. "ఆ మనిషి నడక నీకు గుర్తుందా? బడి మెట్లు ఎక్కుతుంటే చప్పుడుకే పిల్లలు చొక్కాలు సర్దుకునేవాళ్ళు" అంది.

గుర్తుంది అన్నాను.

ఇక్కడైనా రాసుకోవాలి. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

శుక్రవారం పొద్దున నేను పటం మార్చాను. లెక్క తప్పలేదు. తెరమీద తూర్పు వాలు తెల్లబడింది, రాతిలోయ ఎర్రబడింది. కానీ తెరమీద కనిపించింది కంప్యూటరు తన మనసులో పెట్టుకున్న పటం. ఫైల్లోకి అది ఎక్కలేదు. అదే పేరుతో పాత ఫైలు ఉంటే, 'దాని మీదే రాసెయ్' అని విడిగా చెప్పనిదే ఆర్ కొత్త పటాన్ని రాయదు. తెలియక పాతది చెరిపేసుకుంటామని దాని జాగ్రత్త. ఆ చిన్న మాట నేను పెట్టలేదు. ఫైలు ముందే ఉంది, రాయను అని అది ఎర్రక్షరాల్లో చెప్పి ఊరుకుంది. కింద ఉన్న ఆదేశాల వరసలు మాత్రం ఆగకుండా నడిచాయి. పటం అందంగా గీసుకుంది. బృందం ఫోన్లలోకి గురువారం పటమే వెళ్ళింది. వాళ్ళు వానలో తూర్పు వాలుని రెండోసారి గాలించారు. సాయంత్రం వాళ్ళు నడిచిన దారులు పటం మీద పరిస్తే, నిన్నటి గీతల మీదే ఇవాళ్టి గీతలు. అప్పుడు తెలిసింది.

ఆ ఎర్రక్షరాలు నేను గమనించలేదు. గదిలో జనం. పత్రికమ్మాయి, కెమెరా. ఎవరైనా గమనించరు.

అయినా శుక్రవారం సరైన పటం వెళ్ళినా వాళ్ళు రాతిలోయకే వెళ్ళేవారని ఏముంది?

నవంబరు 12

వెళ్ళేవారని ఏముంది.

నవంబరు 14, శుక్రవారం

ఆఫీసులో సన్మానం పెట్టారు. పూలగుత్తి ఇచ్చారు. పత్రికలో వచ్చిన ఫొటోని పెద్ద సారు అద్దం కట్టించి మా గది తలుపు పక్కనే తగిలించారు. నీలం కోటు వేసుకుని, తెర వైపు చెయ్యి చాపి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాను. అటు చూడకుండా గదిలోకి వెళ్ళే దారి లేదు.

తర్వాత పెద్ద సారు పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ పూలగుత్తి మేష్టారికి ఇస్తే బాగుంటుందన్నారు. మేష్టారు దిండుకి ఆనుకుని కూర్చున్నారు. చెంపలు లోపలికి పోయాయి. నన్ను పోల్చుకోలేదు గానీ గుంపుని చూడగానే ఒళ్ళు నిటారుగా అయింది. "లైన్లో నిలబడండి" అన్నారు. పెద్ద సారు నవ్వుతూ నిలబడ్డారు. పక్కనే నేను. తను కూడా నిలబడాలనుకున్నారో ఏమో, దుప్పటి కింద కాళ్ళు దగ్గరికి లాక్కున్నారు. ఒక కాలే కదిలింది. ఆయన దుప్పటి వైపు చూసి, మా వైపు చూసి, ఏదో పొరపాటు జరిగిందన్నట్టు మొహం పెట్టారు.

ఆయన కూతురు నా రెండు చేతులూ పట్టుకుంది. దారం లాగీ లాగీ వేళ్ళు గరుకుగా ఉన్నాయి. ఎంతసేపటికీ వదల్లేదు. నేనే మెల్లగా విడిపించుకోవాల్సి వచ్చింది.

నవంబరు 17, సోమవారం

ఇవాళ అక్క చెప్పింది.

మేష్టారి కొడుకు వేరే ఊళ్ళో ఉంటాడు, సైకిళ్ళ దుకాణం. తండ్రి దొరికిన రోజు వచ్చాడు, మళ్ళీ ఇవాళ వచ్చాడు. ఒక్క రోజు ముందయితే అన్న సర్జను మాట ఎవరో అతని చెవిన వేశారు. వార్డు మధ్యలో చెల్లెల్ని నిలబెట్టి కడిగేశాడట. గేటుకి గొళ్ళెం పెట్టడానికి చేతులు లేవా, నాన్నని చూసుకోలేకపోతే ముందే చెప్పి ఏడవచ్చు కదా, ఆయన కాలు నీ మిషను కింద పెట్టి తొక్కేశావు, ఇలాంటి మాటలు. పక్క మంచాల వాళ్ళు కూడా తల తిప్పేసుకున్నారట.

"ఆమె ఏమంది?" అని అడిగాను.

"ఏమంటుంది? అవునన్నయ్యా అంది" అక్క చెప్పింది. "అదే నేను వినలేకపోయాను. ఎదురు తిరిగితే బాగుండేది."

నాకు కూర చేదుగా అనిపించింది. అక్క బాగానే ఉందంది.

నవంబరు 18

గేటు ఎవరు తీసినా ఆయన కొండకి వెళ్ళేవారు. వెళ్ళాక దొరకడం వేరే సంగతి. రెండూ వేరు.

నవంబరు 20, గురువారం

నీలం కోటు లోపలి గుడ్డ చిరిగింది. ఊళ్ళో కుట్టేవాళ్ళు లేనట్టు మేష్టారి కూతురు టైలరమ్మ దగ్గరికే తీసుకెళ్ళాను. ఆమెకి ఏదైనా సాయం చేద్దామని. అలాగని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంటి ముందు గదే ఆమె దుకాణం. కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. నేను కూర్చున్నంతసేపట్లో ఆమె ఎన్నిసార్లు తలెత్తి గేటు వైపు చూసిందో. మేష్టారు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు, ఆ గేటు ఇప్పుడు తెరిచి ఉన్నా ఒకటే, వేసి ఉన్నా ఒకటే. అయినా ఒకసారి లేచి వెళ్ళి గొళ్ళెం లాగి చూసి వచ్చింది. నేను చూడటం చూసి చిన్నబోయింది.

"అలవాటైపోయింది మేడమ్. ఆరోజు ఒక పెళ్ళివాళ్ళ బట్టలు తొందరగా ఇవ్వాలని... బయటికెళ్ళి వచ్చాను, గొళ్ళెం పెట్టాననే అనుకున్నాను. చెయ్యి పెట్టిన గుర్తు కూడా ఉంది. కానీ పెట్టలేదు కదా" అంది.

చెయ్యి పెట్టిన గుర్తు కూడా ఉంది. నాకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

పటం ఎలా పనిచేస్తుందని అడిగింది. చెప్పాను. బాగా చెప్పాను, ఆమె చేతి కింద ఉన్న గళ్ళ గుడ్డనే తీసుకుని, ఈ గడి వెతికేశాం అనుకోండి, దీని విలువ తగ్గిస్తాం, అప్పుడు పక్క గడి విలువ పెరుగుతుంది అని. ఆమె శ్రద్ధగా విని, తెలివైన మనిషి కనక, అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

"మరి మొదటి రోజు తూర్పున లేరని తెలిసింది కదా. రెండో రోజే లోయలో ఎందుకు దొరకలేదు?"

"కొండ పెద్దది కదండీ" అన్నాను.

ఆమె తలూపింది. కోటుకి కూలి వద్దంది. ఎంత చెప్పినా తీసుకోలేదు.

నవంబరు 21

కొండ పెద్దది కదండీ.

నవంబరు 22

ఆఫీసుకి సెలవు పెట్టాను. తలనొప్పి అని చెప్పాను. అక్క నుదురు పట్టుకు చూసి ఏమీ లేదే అంది.

నవంబరు 24, సోమవారం

ఆ శుక్రవారం, ఏడో తారీకు నాటి లెక్కని మళ్ళీ నడిపాను. ఇన్ని రోజులూ నడపకుండా ఉన్నది ఎందుకో నాకు తెలుసు. 'వెళ్ళేవారని ఏముంది' అన్న మాట పట్టుకుని వేళ్ళాడాలంటే అది నడపకూడదు.

ఈసారి మీదే రాసెయ్ అని చెప్పి రాశాను. రాసిన ఫైలుని మూసి, మళ్ళీ ఫైల్లోంచే తెరిచాను. నేను చెయ్యాల్సింది అంతే. బడిపిల్లలకి కూడా నేర్పే సంగతి, రాసింది రాసినట్టు ఉందో లేదో తెరిచి చూసుకోవడం. ఎంతమందికి నేనే నేర్పాను.

కొండ మొత్తంలో అన్నింటికంటే ఎర్రగా ఉన్నది రాతిలోయ అడుగు. మేష్టారు దొరికిన బండల గడి, దాని చుట్టూ ఉన్నవీ. ఫైరింజన్ బాబాయ్ ఎప్పుడూ ఎక్కువ ఎరుపు దగ్గరే మొదలుపెడతారు. శుక్రవారం మధ్యాహ్నానికే అక్కడికి చేరేవారు.

ఇంకొకటి. పదకొండో తారీకున ఇక్కడ అబద్ధం రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా. ఆ ఎర్రక్షరాలు గమనించాను. కంటి చివర కనిపించాయి. ఆర్ ఎప్పుడూ ఏదో ఒకటి ఎర్రగా గొణుగుతూనే ఉంటుంది, ఫొటో అయ్యాక చూద్దామనుకున్నాను. "మేడమ్, చెయ్యి కొంచెం పైకి" అంది పత్రికమ్మాయి. చెయ్యి పైకెత్తాను. ఫొటో అయ్యాక ఆమె నన్ను ఇంకో ప్రశ్న అడిగింది, ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని. దానికి చాలా పొడుగ్గా జవాబు చెప్పాను.

నవంబరు 25, మంగళవారం

ఫైరింజన్ బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ఇంటి వెనక తాళ్ళు ఆరబెడుతున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక మొదటి నుంచీ చివరిదాకా చెప్పాను. ఆయన తాడు చుట్టడం ఆపలేదు. మొత్తం విన్నాక కూర్చోమన్నారు.

ఆయన చెప్పింది నేను అనుకున్నది కాదు. శుక్రవారం పొద్దునే వాళ్ళకి తెలిసిందట, ఏదో తేడా ఉందని. ముందురోజు తాము చెట్లకి కట్టిన గుడ్డపీలికలు తమకే ఎదురవుతున్నాయి. బృందంలో ఇద్దరు ఆగిపోయి, ఇది వెతికేశాం కదా అన్నారట. "నేనే వాళ్ళ నోరు మూయించాను. ఆవిడ చదువుకున్న మనిషి, ఏదో కారణం ఉండే పంపించి ఉంటుంది, నోర్మూసుకుని నడవండి అన్నాను. ఒక్క ఫోన్ చేస్తే పోయేది. నిన్ను అడగడానికి నాకు మొహమాటం వేసింది, అడిగితే నాకేం తెలియదని తేలిపోతుందని."

చుట్టిన తాడు పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నారు.

నా బరువు కొంచెం ఆయన మీదికి దిగిందని ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తోంది. ఆయన నన్ను నమ్మారు. అదొక్కటే ఆయన చేసిన తప్పు.

మేష్టారి వాళ్ళింటికి వెళ్ళి చెబుతానన్నాను. వద్దన్నారు. ఈ మాట బయటికి పొక్కితే రేపు ఇంకెవరైనా తప్పిపోయినప్పుడు పటాన్ని ఎవరూ లెక్కచేయరు, పాతకాలంలోలాగా కేకలు వేసుకుంటూ తిరుగుతారు, దానివల్ల ఇంకో ప్రాణం పోతే? ఆ మాటలో నిజం ఉంది. ఆలోచిస్తానని చెప్పి వచ్చేశాను.

నవంబరు 26

బాబాయ్ చెప్పినదాంట్లో నిజం ఉంది.

నాకు అనుకూలంగా ఉన్న నిజం.

నవంబరు 27, గురువారం

అక్కకి చెప్పేశాను. అనుకుని చెప్పలేదు. మేష్టారిని ఇంటికి పంపించేశారని, వెళ్తూ చక్రాల కుర్చీలోంచే వార్డు మొత్తానికి సెల్యూట్ చేశారని అక్క నవ్వుతూ చెబుతోంది. నేను పళ్ళెం ముందు ఏడుపు ఆపుకోలేకపోయాను.

అక్క మొత్తం విని నా పళ్ళెం తీసి గట్టు మీద పెట్టింది.

"రోజూ వచ్చి ఆయన కాలు గురించి చెబుతుంటే, ఇక్కడ కూర్చుని తింటూ విన్నావా?"

విన్నానన్నాను.

"ఆ పిల్ల వార్డులో తిట్లు తింటుంటే నీకు చెప్పాను కదే."

చెప్పావన్నాను.

అక్క నన్ను చిన్నప్పుడు కూడా కొట్టలేదు. ఇవాళ కొడితే బాగుండు అనుకున్నాను. గట్టు తుడుస్తూ నా వైపు తిరగకుండానే, ఆదివారం వాళ్ళన్న ఊరికి వస్తాడు, వాళ్ళిద్దరూ ఉన్నప్పుడు వెళ్ళు, ఆ పిల్ల ఒక్కదానికే చెప్పి చేతులు దులుపుకుని రాకు అంది. నేను సరిగ్గా అదే చేద్దామనుకుంటున్నానని తనకెలా తెలిసిందో.

నవంబరు 28, శుక్రవారం

పెద్ద సారుకి కూడా చెప్పాను. ఆయన మొహం మొదట పాలిపోయి, తర్వాత మామూలైంది. దీన్ని సాంకేతిక లోపం అని రాద్దాం అన్నారు. అలా రాస్తే ఎవరి తప్పూ కాకుండా పోతుంది సార్, నాది అని రాయాలి అన్నాను. అలా రాస్తే ఆఫీసు పరువు ఏం కాను అన్నారు. మనిషి దొరికాక తవ్వుకోవడం ఎందుకమ్మా అని కూడా అన్నారు. చివరికి, నీ ఇష్టం, కాగితం నువ్వే రాసి సంతకం పెట్టు, నేను పైకి పంపిస్తాను అన్నారు. రాసిచ్చాను. పటాల పని నా చేతిలో ఉంటుందో లేదో ఇక వాళ్ళు చెప్పాలి.

నేను గదిలోకి వచ్చేలోపే ఆ ఫొటో గోడ మీంచి తీసేశారు. మేకు అలాగే ఉంది.

నవంబరు 30, ఆదివారం

వెళ్ళాను.

గేటు గొళ్ళెం నేనే తీసి, లోపలికి వెళ్ళి, నేనే పెట్టాను. ముందుగదిలో మిషను మీద దుప్పటి కప్పి ఉంది. మేష్టారు కుర్చీలోనే తల పక్కకి వాల్చి నిద్రపోతున్నారు. టైలరమ్మ ఆయన పైజామా ఒక కాలు పొట్టిగా కత్తిరించి అంచు కుడుతోంది. వాళ్ళన్న పత్రిక చూస్తున్నాడు. నన్ను చూసి ఇద్దరూ లేచారు. కుర్చీ తుడిచి మరీ వేశాడతను. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు అన్నాడు.

కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఒక మాట చెప్పడానికి వచ్చానని, మధ్యలో ఆపవద్దని అడిగాను. దారంతా కూడబలుక్కున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ శుక్రవారం పొద్దున మారిన పటం ఫైల్లోకి రాయలేదు, రాశాననుకున్నాను, తెరిచి చూడలేదు. రాయలేదని కంప్యూటరు చెప్పింది, ఫొటో దిగుతూ పట్టించుకోలేదు. వాళ్ళు పాత పటంతో అదే వాలు మళ్ళీ వెతికారు. సరైన పటంలో మీ నాన్నగారున్న చోటే అన్నింటికంటే ముందుంది. ఆరోజే దొరికేవారు. ఆ సాయంత్రానికే నాకు తెలుసు. ఇన్ని రోజులూ చెప్పలేదు.

టైలరమ్మ చేతిలో సూది ఆగిపోయింది. ఆమె నన్ను చూడలేదు. పైజామా అంచునే చూస్తోంది.

వాళ్ళన్న తల దించుకుని పత్రికని మడతలు పెట్టాడు. మెడ మీద నరం కదులుతోంది. తిడతాడనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. వార్డులో ఆమెని అన్న మాటలన్నీ నన్ను అనడానికి ఇప్పుడు వస్తాయనుకున్నాను. అతను తలెత్తి, మెల్లగా, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"పోనీలెండి మేడమ్. మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి. కావాలని చేశారా ఏంటి? మూడో రోజైనా దొరికారంటే మీవల్లే కదా. ఇంత పెద్ద ఉద్యోగంలో ఉండి, ఇంటికి వచ్చి చెప్పారు. అదే గొప్ప." తర్వాత పక్కకి తిరిగి, "మేడమ్‌కి టీ పెట్టు" అన్నాడు.

ఆమె కదల్లేదు. అతను మళ్ళీ చెప్పాడు.

"ఎంతసేపు పట్టింది అన్నయ్యా?" అంది.

"దేనికి?"

"ఆవిణ్ణి క్షమించడానికి."

అతనికి అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. అర్థమవడం మొహంలో కనిపించింది.

"నేనూ గొళ్ళెం కావాలని మర్చిపోలేదు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "అందరి ముందూ అన్నావు. అవునన్నాను. ఇంటికి వచ్చాక కూడా అన్నావు. నాకు ఒక్కసారైనా పోనీలే అన్నావా?"

నేను అక్కడ ఉండకూడదని తెలుస్తోంది, అయినా నిలబడే ఉన్నాను. అప్పుడు నా వైపు తిరిగింది. ఆమె ఏడవలేదు, కళ్ళు ఎర్రబడి మాత్రం ఉన్నాయి.

"మీకు టీ పెట్టను మేడమ్. కాలు సంగతి మీ పొరపాటు. నాకు తెలుసు అది ఎలా ఉంటుందో, చేశాననే అనుకుంటాం. దాని గురించి నేను ఏమీ అనను, అనే మొహం నాకు లేదు." సూది గుడ్డలో గుచ్చింది. "కానీ ఈ కిటికీ దగ్గర కూర్చుని, నేను అడిగితే, కొండ పెద్దది అన్నారు. నేను లేచి గొళ్ళెం చూసుకుని రావడం చూసి కూడా అన్నారు. అది పొరపాటు కాదు."

కాదన్నాను. క్షమించమని అడగడానికే వచ్చాను, ఆ మాట అడగలేదు. అడిగితే అతను మళ్ళీ పోనీలెండి అంటాడేమోనని భయం వేసింది.

మేష్టారు నిద్రలో ఏదో అన్నారు. వాళ్ళన్న లోపలికి వెళ్ళిపోయాడు. గిన్నె చప్పుడైంది, అలమారా తలుపు తెరుస్తూ మూస్తూ దేనికోసమో వెతుక్కుంటున్నాడు, కాసేపటికి పాలు పొంగి మాడిన వాసన వచ్చింది. ఆ ఇంట్లో అతను ఎప్పుడూ పొయ్యి ముట్టుకున్నట్టు లేదు. ఒకే ఒక్క గ్లాసు, చెయ్యి కాలకుండా గుడ్డతో పట్టుకుని వచ్చాడు. చెల్లెలి ముందు స్టూలు మీద పెట్టాడు. పెట్టి, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు, ఆమె కాళ్ళ దగ్గర, తల దించుకుని.

ఆమె గ్లాసు వైపు చూస్తోంది. తీసుకుంటుందో లేదో చూడటానికి నేను ఎవర్ని. గేటు వేసి వచ్చేశాను.